ఏడు అనరాని కోట

వజ్రకూట రాజకుమారి మధూలిక నెత్తిన ఉప్పుగంప పెట్టుకుని నడవడం అదే మొదటిసారి. గంప క్షణానికోసారి ఎడమవైపు ఒరుగుతోంది. ఒరిగినప్పుడల్లా చారెడు ఉప్పు భుజం మీద రాలుతోంది. వెనకాలే కావడి మోస్తూ వస్తున్న కంఠీరవుడికి ఇదంతా మహా సరదాగా ఉంది.

"ఏమే, ఆ గంప కాస్త చేత్తో పట్టుకుని నడువు. ఊళ్ళోవాళ్ళ కూరల్లోకి మిగల్చవా ఏమిటి?" అన్నాడు బజారంతా వినేలా.

మధూలిక పెదవి కదపకుండా, "నువ్వన్న ఏమేలు అన్నీ గుర్తుపెట్టుకుంటున్నాను, కంఠీరవా" అంది.

"మొగుడూ పెళ్ళాల వేషం తమరే ఎంచారు, రాజకుమారీ. నేను గంగిరెద్దులవాడి వేషం వేద్దామన్నాను."

"అందులో ఎద్దు ఎవరు?"

కంఠీరవుడు ఈల వేసుకుంటూ నడిచాడు.

వాళ్ళు నడుస్తున్నది ఆవర్తపురం బజారులో. మాంత్రికుడు ఉలూకాక్షుడి చక్రదుర్గం ఆ ఊరి తలమీదే ఉంది. పోయిన అమావాస్యనాడు ఉలూకాక్షుడు ఏనుగంత గుడ్లగూబనెక్కి వచ్చి, నిండు కొలువులోంచి మధూలిక తండ్రి జయకేతన మహారాజును ఎత్తుకుపోయాడు. మనుషుల్ని కంచుగా మార్చే విద్య వాడి దగ్గరుంది. చక్రదుర్గాన్ని గిర్రున తిప్పే ఆరుగురు కంచు రాక్షసులూ ఒకప్పుడు ఏదో ఒక దేశానికి రాజులే. వాళ్ళలో ఒకడికి మోకాలు అరిగిపోయిందట. వాడి చోట జయకేతనుణ్ణి నిలబెడతాడట. ఇవాళ సూర్యుడు నడినెత్తికి రాగానే ముహూర్తమని దారిలో బాటసారులు చెప్పుకుంటుంటే విన్నారు. ఇప్పుడు జాము పొద్దెక్కింది. అందుకే ఇంత హడావుడి.

కంఠీరవుడు వజ్రకూటం ధాన్యాగారంలో గింజలు కొలిచే మనిషి కొడుకు. కత్తి పట్టాడంటే మాత్రం రాజ్యంలో అతని తర్వాతే ఎవరైనా. ఆ కత్తి ఇప్పుడు కావడి బద్ద లోపల నిద్రపోతోంది.

బజారు మధ్యలో పెరుగమ్మే పోలక్క అనే ఆవిడ వాళ్ళను ఆపింది. కోట వంటశాలకు రోజూ పెరుగు పోసేది ఆవిడే. ఉప్పు కావాలంది. మధూలిక గంప దించి, సోల చేతపట్టి, తాను చూసిన ఉప్పువాళ్ళను తలుచుకుంటూ కొలవడం మొదలుపెట్టింది. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆ తర్వాతి మాట నోట్లోంచి సగం బయటికి వచ్చిందో లేదో, పోలక్క పెరుగు చెయ్యి ఆమె నోటిమీద చప్పున పడింది.

బజారంతా ఒక్కసారి చల్లబడింది. ప్రతి దీపస్తంభం మీదా ఒక గుడ్లగూబ కూర్చుని ఉంది. పట్టపగలైనా అవన్నీ కళ్ళు తెరిచి మధూలిక వైపే తల తిప్పాయి.

"ఆరున్నొకటి" అన్నాడు కంఠీరవుడు గట్టిగా, ఆమె చేతిలోంచి సోల లాక్కుని. "ఎనిమిది. తొమ్మిది. దీనికి లెక్క రాదమ్మా, సముద్రపు ఒడ్డు మనిషి. ఇచ్చేటప్పుడు మామగారు ఆ సంగతి చెప్పలేదు."

గుడ్లగూబలు ఒకటొకటిగా కళ్ళు మూసుకున్నాయి. పోలక్క గుండె మీద చెయ్యి వేసుకుని, మధూలికను పక్కకు లాగి మెల్లిగా అంతా చెప్పింది. ఈ ఊళ్ళో ఆ అంకెను పేరుపెట్టి పిలవకూడదు. పిలిచినవాళ్ళ నాలుక గుడ్లగూబలు పొడుచుకుపోతాయి. కొలిచినా, ఎంచినా, పిల్లలు పుట్టిన నెల చెప్పినా ఆరున్నొకటి అనాల్సిందే.

సరిగ్గా అప్పుడే పక్కనున్న బడిలోంచి పిల్లల గొంతులు వినిపించాయి. ఆరు పదులు అరవై అని ముగించి, గుక్క తిప్పుకుని, ఎనిమిది ఒకట్లు ఎనిమిది అని ఎత్తుకున్నారు. మధ్యలో ఒక ఎక్కం ఎక్కమంతా ఎగిరిపోయింది.

మధూలిక గంప ఎత్తుకోబోతూ ఆగిపోయింది.

"మా ఇంట్లోనూ అంతే" అన్నాడు కంఠీరవుడు. "గింజల రాశి దగ్గర ఆ మాట అంటే మా నాన్న వీపు చిట్లగొట్టేవాడు. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా అనలేదు."

"రాశి దగ్గర వద్దనడం వేరు, ఎక్కమే లేకుండా చెయ్యడం వేరు" అంది మధూలిక. "ఉలూకాక్షుడికి శకునాల మీద నమ్మకం లేదు. వాడు దేనికో భయపడుతున్నాడు."

ఊరు దాటగానే చక్రదుర్గం కళ్ళ ముందు నిలిచింది. నల్లటి కొండను నిలువునా చెక్కి, నడుము దగ్గర కోసి, పై సగాన్ని కుండ కింద సారెలా తిరిగేట్టు అమర్చినట్టుంది. గోడలకు రాగిరేకు తాపడం. ఎండ పడి, కోట చుట్టూ గాలి కూడా ఎర్రగా వణుకుతోంది. బురుజుల మీద జెండాలకు బదులు నెమలికంఠం రంగు పొగలు లేస్తున్నాయి. కోట చుట్టూ అగడ్త, అగడ్తలో తామరల మధ్య మొసళ్ళ వీపులు. అగడ్తమీద ఒకటే వంతెన. కోటకు మాత్రం ఆరు ద్వారాలు. ఒక్కో తలుపు మీద మనిషెత్తు కంచు అంకె పోతపోసి ఉంది. కోట తిరిగితే ఒక్కో ద్వారం వంతెన ఎదుటికి వస్తుంది. కోట అడుగున ఆరుగురు కంచు రాక్షసులు చక్రపు ఆకులకు భుజాలానించి నిలబడి ఉన్నారు. ఐదుగురు నిటారుగా ఉన్నారు, ఆరోవాడు కాస్త కుంటుగా.

వంతెన మొదట్లో కుంభోదరుడు అనే కాపలా నాయకుడు కూర్చున్నాడు. వాడి ముందు ఒక పాచిక, వాడి పక్కన తాటిచెట్టంత పొడుగు కంచు బాకా. లోపలికి పోవాలనుకున్నవాళ్ళు వరసలో నిలబడ్డారు. అక్కడి పద్ధతి పోలక్క చెప్పింది. కుంభోదరుడు పాచిక వేస్తాడు. పడిన అంకెను బట్టి, కోట ఎలా ఆగుతుందో వచ్చినవాళ్ళు ముందే చెప్పాలి. ఎదురుగా ఉండే తలుపు మొదలుకొని కుడివైపుగా చుట్టూ ఆరు అంకెలూ గుక్క తిప్పుకోకుండా చదవాలి. తర్వాత వాడు ఆ పాచిక అంకెను బాకాలో చెబుతాడు. కంచు రాక్షసులకు వినబడేది బాకా మాట ఒక్కటే. వాళ్ళు కోటను తిప్పుతారు. చెప్పింది సరిపోతే లోపలికి, లేకపోతే కాళ్ళకింది పలక తెరుచుకుని అగడ్తలోకి. కోట తిరుగుతూండగా బాకాలో ఇంకేం చెప్పినా వాళ్ళ చెవికెక్కదు. చేతిలో పని పూర్తయ్యాకే కొత్త మాట.

వరసలో ముందున్న కట్టెలవాడికి ఐదు పడింది. వాడు కళ్ళు మూసుకుని, చిన్నప్పటి నుంచీ వల్లెవేసిన పాఠంలా "ఆరున్నొకటి, ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, ఐదు" అని చదివాడు. కోట గరగరలాడుతూ తిరిగి అలాగే ఆగింది. వాడి వెనక కొత్తగా వచ్చిన బట్టల వర్తకుడికి నాలుగు పడింది. నీళ్ళు నమిలాడు. పలక తెరుచుకుంది. అదృష్టవశాత్తు మొసలి తలపాగాతో సరిపెట్టుకుంది. వర్తకుడు ఈదుకుంటూ ఇవతలి ఒడ్డెక్కి, వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.

పోలక్కకు రెండు పడింది. రెండు, ఎనిమిది, ఐదు, ఆరున్నొకటి, ఒకటి, నాలుగు అని గడగడ చదివి, పెరుగుకుండతో లోపలికి వెళ్ళిపోయింది.

మధూలిక కళ్ళు మెరిశాయి. కంఠీరవుణ్ణి మోచేత్తో పొడిచి, తలుపుల మీది అంకెలు ఒకటి దగ్గర్నుంచి చదవమంది.

"ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, ఐదు, ఆరున్నొకటి."

"ఒకే సంఖ్యగా చదువు."

"లక్షా నలభైరెండువేల ఎనిమిదివందల" అని ఆగి, కంఠీరవుడు తల గోక్కుని, "యాభయ్యారున్నొకటి" అన్నాడు.

"దాన్ని రెట్టింపు చెయ్యి. వద్దులే, నేనే చేస్తాను." ఆమె గంపలోని ఉప్పును అరచేత్తో చదును చేసి, దానిమీద వేలితో గీసింది. 285714. "పోలక్క చదివింది ఇదే. ఐదింతలు చేస్తే 714285. కట్టెలవాడు చదివింది. చూశావా, పాచిక మీది ఏ అంకెతో గుణించినా కొత్త అంకె ఒక్కటి రాదు. అవే ఆరు అంకెలు, అదే వరస. మొదలయ్యే చోటు మాత్రం మారుతుంది. మొత్తం కోట ఒకే సంఖ్య, కంఠీరవా. రాక్షసులు చేసేది తిప్పడం కాదు, గుణించడం."

"బాగుంది. మరి పాచిక పడ్డాక, వాడి ముందు ఉప్పులో గీస్తూ కూర్చుంటామా?"

"అక్కర్లేదు. ఆ ఆరు అంకెల్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా సర్దు. పాచిక ఒకటైతే అన్నిటికంటే చిన్న తలుపు. రెండైతే దాని పైది. అలా ఆరు పడితే అన్నిటికంటే పెద్దది. అక్కణ్ణుంచి చుట్టూ చదువుకుంటూ పోవడమే."

కంఠీరవుడు వేళ్ళు మడిచాడు. "మూడు పడితే ఒకటి, రెండు, నాలుగు. నాలుగు తలుపు." సంబరపడ్డాడు. వరస ఒక అడుగు ముందుకు జరిగింది. ఇంకా ఇద్దరున్నారు. సూర్యుడు బురుజు అంచు దాటాడు.

కానీ మధూలిక మనసు ఇంకా బడి దగ్గరే ఉంది. పాచికకు ఆరు ముఖాలే. ఆ తర్వాతి అంకె ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. అక్కర్లేనిదానికి ఇన్ని గుడ్లగూబల కాపలా దేనికి? ఏం గుణిస్తే ఏం వస్తుందని వాడి భయం?

"మీ నాన్న ఆ అంకెకు బదులు ఏమనేవాడు?" అంది.

"ఆరున్నొకటి."

"సరే, మీ నాన్న లెక్కే వేద్దాం." ఉప్పు మళ్ళీ చదును చేసి, పైన ఆరింతల సంఖ్య రాసింది, 857142. కింద ఒకింత, 142857. ఒక్కో నిలువు వరసా కూడింది. ఎనిమిదీ ఒకటీ తొమ్మిది. ఐదూ నాలుగూ తొమ్మిది. దాని పక్కనా తొమ్మిది. ఆ పక్కనా తొమ్మిది. చివరిదాకా తొమ్మిదులే. ఆరు తొమ్మిదులు ఉప్పులో వరసగా నిలబడ్డాయి.

ఇద్దరూ తలెత్తి కోట వైపు చూశారు.

"ఇందులో తొమ్మిది తలుపు ఎక్కడుంది?" అని అడిగింది మధూలిక.

"లేదు" అన్నాడు కంఠీరవుడు.

ఆమె ఉప్పు చెరిపేసింది. ఇక పథకం వెయ్యడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆమె లోపలికి పోయి తండ్రి ఎక్కడున్నాడో చూస్తుంది. గోడెక్కి పమిట ఊపుతుంది. ఆ క్షణమే కంఠీరవుడు బాకా అందుకుని ఆ మాట అనాలి. గుడ్లగూబలు పొడవడానికి వచ్చేలోగా కోట పిచ్చెత్తిపోతుంది. ఆ గందరగోళంలో తండ్రిని బయటికి తెస్తుంది. ఒక్క మాట కదా అని కంఠీరవుడు నవ్వాడు.

మధూలికకు మూడు పడింది. నాలుగు, రెండు, ఎనిమిది, ఐదు, ఆరున్నొకటి, ఒకటి అని పాట పాడినట్టు చదివి, నాలుగో అంకె తలుపులోంచి గంపతో సహా మాయమైంది. కుంభోదరుడు కంఠీరవుడి కోసం పాచిక ఎత్తాడు. కంఠీరవుడు కడుపు పట్టుకుని కూలబడ్డాడు. పొద్దున పెళ్ళాం పెట్టిన చద్దన్నం పడలేదనీ, కాస్త సర్దుకోనిమ్మనీ వేడుకున్నాడు. పెళ్ళాం వంట అనేసరికి కుంభోదరుడికి ఎక్కడలేని జాలి పుట్టింది. బాకా పక్కనే నీడలో కూర్చోమన్నాడు.

లోపల మధూలికకు దారి వెతుక్కునే పనే లేకపోయింది. కోట నడిబొడ్డున ఇల్లంత కొప్పెరలో కంచు రసం పచ్చగా, చల్లగా, పొగలేకుండా ఉడుకుతోంది. దాని ముందు పీట మీద జయకేతన మహారాజు, ఒళ్ళంతా గొలుసులతో. పక్కన ఉలూకాక్షుడు. గుండ్రటి కళ్ళు, రెప్పలు లేవు, మెడ పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. నడుముకు ఎండు సొరకాయ బుర్ర ఒకటి వేలాడుతోంది. వాడి వెనక ఏనుగంత గుడ్లగూబ ఒంటికాలి మీద కునుకు తీస్తోంది.

మహారాజు భయపడుతున్నట్టు లేదు. తనకు చిన్నప్పటి నుంచీ కీళ్ళవాతమనీ, తన మోకాళ్ళు పట్టుకెళ్తే ఆ కుంటివాడి మోకాళ్ళే మేలనిపిస్తాయనీ మాంత్రికుడితో తీరిగ్గా వాదిస్తున్నాడు. గంప వేసుకుని వచ్చిన ఉప్పుమనిషిని చూసి మాట మధ్యలో ఆగాడు. కన్నకూతురి నడక తండ్రికి తెలియదా. వెంటనే దగ్గు తెచ్చుకుని, ఇంకా గట్టిగా మోకాళ్ళ కథ ఎత్తుకున్నాడు.

కానీ సూర్యుడు ఆగలేదు. కొప్పెర నీడ కొప్పెర కిందికి చేరింది. ఉలూకాక్షుడు పొడుగు కాడ గరిటె ముంచి, మంత్రం చదువుతూ మహారాజు పాదాల మీద పోశాడు. పాదాలు కంచయ్యాయి. చీలమండలు, పిక్కలు, ఆ వాదించిన మోకాళ్ళు కూడా. గరిటె మళ్ళీ కొప్పెరలో మునిగింది.

ఇక వేషం ఎందుకు. మధూలిక గంపెడు ఉప్పునూ మాంత్రికుడి రెప్పలేని కళ్ళలోకి విసిరికొట్టింది. వాడు చేసిన కేకకు బురుజులు కదిలాయి. ఆమె మెట్లు మూడేసి చొప్పున దూకి గోడెక్కి, పమిట చెంగు ఊపింది.

వంతెన మీద కంఠీరవుడి కడుపునొప్పి చిటికెలో మాయమైంది. కావడి బద్దతో ఒక్కటిచ్చేసరికి కుంభోదరుడు తన పాచిక తానే మింగి వెల్లకిలా పడ్డాడు. కంఠీరవుడు బాకా మూతికి ఆనించుకుని, గుండెల నిండా గాలి పీల్చి, దిక్కులు దద్దరిల్లేలా అరిచాడు.

"ఆరున్నొకటి!"

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ అలవాటైన నాలుక మరి. కంచు రాక్షసులకు అందులో రెండు మాటలు వినిపించాయి. ముందు ఆరు. కోట తిరిగి ఎనిమిది తలుపు వంతెనకు తగిలింది. తర్వాత ఒకటి. కోట మళ్ళీ తిరిగి ఒకటి తలుపు వచ్చి ఆగింది. ఆ ఒకటి తలుపు వెనకే కాపలాదండు మొత్తం భోజనానికి కూర్చుని ఉంది. విస్తళ్ళ ముందు నుంచి లేచి, ఎంగిలి చేతులతో, ఈటెలతో వంతెన మీదికి ఉరికారు.

గోడమీద నుంచి మధూలిక గొంతు చించుకుంది. "మీ నాన్న ఇక్కడ లేడయ్యా! ఏడు అను!"

బజారులోని గుడ్లగూబలన్నీ ఆ మాట విని రెక్కలు విప్పి లేచాయి. ఊరి మీద ఆకాశం నల్లబడింది. కంఠీరవుడు కత్తి దూసి, ముందు వచ్చిన ముగ్గురిని ముగ్గురూ ఒకరిమీద ఒకరు పడేట్టు తోసి, నాలుగోవాడి ఈటెను వాడి చేతిలోనే విరిచి, బాకా మీదికి వంగాడు. నోరు తెరిచాడు. నాలుక ఆ, ఆ అంటూ పాత దారిలోనే పోతోంది. వీపు మీద చిన్ననాటి దెబ్బ చురుక్కుమంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఏడు" అన్నాడు.

గట్టిగా కూడా అనలేదు. పసివాడు మొదటి మాట పలికినట్టు అన్నాడు. అయినా బాకా దాన్ని కోట అడుగుదాకా మోసుకుపోయింది.

ఆరు కంచు తలలు ఒక్కసారి పైకి లేచాయి. ఆరు జతల కంచు కళ్ళు తొమ్మిది కోసం వెతికాయి. కోట తిరగడం మొదలైంది. ఒక చుట్టు. తొమ్మిది తలుపు రాలేదు. ఇంకొంచెం వేగంగా ఇంకో చుట్టు. రాలేదు. కుంటి రాక్షసుడు కూడా పరుగందుకున్నాడు. కోట కవ్వంలా తిరిగింది. రాగిరేకులు ఊడి పళ్ళేల్లా ఎగిరిపోయాయి. కాపలావాళ్ళు ఎగిరి అగడ్తలో పడుతుంటే, ఇవాళ ఇంత విందేమిటని మొసళ్ళు తికమకపడ్డాయి. పొడవడానికి వచ్చిన గుడ్లగూబలు ఆ గాలికి తల తిరిగి ఊరవతల పడ్డాయి. వంటశాల కిటికీలోంచి పోలక్క పెరుగుకుండ కౌగిలించుకుని, ఎవరా మాటన్న మహానుభావుడని తిడుతూ మూడుసార్లు కనబడింది.

ఉన్నట్టుండి కోట ఆగింది. కంచుకు కూడా కాస్త బుద్ధి ఉన్నట్టుంది. కంచు రాక్షసులు చక్రం వదిలి పైకెక్కారు. ఒకడు ఒకటి తలుపును గోడలోంచి పెళ్ళగించాడు. ఎదురుగా ఉన్న ఎనిమిది తలుపును ఇంకొకడు పెళ్ళగించాడు. రెండూ కోట నడుమకు మోసుకొచ్చి, పక్కపక్కన నిలబెట్టి చూసుకున్నారు. తొమ్మిది. మరో ఇద్దరు నాలుగునూ ఐదునూ తెచ్చి కలిపారు. తొమ్మిది. మిగిలిన ఇద్దరు రెండునూ ఏడునూ.

మధూలిక తండ్రి పక్కకు దూకి గొలుసుల చీలలు ఊడదీస్తూ ఇదంతా కళ్ళార్పకుండా చూస్తోంది. ఎదురెదురు తలుపులు ఏ రెండు కలిపినా తొమ్మిదే. తొమ్మిది ఈ కోట గోడల్లో మొదటి నుంచీ దాక్కునే ఉంది. కానీ అవి మూడే. కావలసినవి ఆరు.

కంచు రాక్షసులకూ ఆ సంగతి తెలిసింది. తలుపులు భుజాల మీద వేసుకుని, తలలు ఉత్తరానికి తిప్పారు. అగడ్తను ఒక్క అంగలో దాటి, వరసగా నడక మొదలుపెట్టారు.

"ఎక్కడికి?" అంది మధూలిక.

మహారాజు మొహం పాలిపోయింది. "కంచుకు కంచు అంకె ఎక్కడున్నా వాసన తెలుస్తుందట, తల్లీ. వాళ్ళు పోతున్నది వజ్రకూటానికే. మన కోట ఉత్తరపు బురుజు తలుపు మీద కంచు తొమ్మిది ఉంది. నేనే పోతపోయించాను."

ఆ మాట పూర్తి కాకముందే ఆయన లేచి నిలబడ్డాడు. నిలబడాలని ఆయన అనుకోలేదు. కంచు మోకాళ్ళు వాటంతట అవే నిలిచాయి. కుడికాలు ముందుకు పడింది. తర్వాత ఎడమకాలు. ధన్, ధన్ మంటూ మహారాజు కాళ్ళు కంచు రాక్షసుల వెనక బయల్దేరాయి. పైనున్న మహారాజు చేతులు గాలిలో ఊపుతూ వెనక్కి ఒరిగాడు. కాళ్ళు లెక్కచెయ్యలేదు. బాకాలో పడిన మాట వాటికీ అంటింది. పని పూర్తయ్యేదాకా ఆగవు.

మధూలిక ఆయన నడుము పట్టుకుని లాగింది. బండికి కట్టిన దూడలా ఆమెనే ఆ కాళ్ళు వెంట ఈడ్చుకుపోయాయి.

అప్పుడు నెత్తిమీద నీడ పడింది. ఉలూకాక్షుడు ఎర్రటి కళ్ళు నులుముకుంటూ పెద్ద గుడ్లగూబనెక్కి లేస్తున్నాడు. కోట పోయింది, రాక్షసులు పోయారు, ఇక ఇక్కడ వాడికేం పని. నడుముకున్న సొరకాయ బుర్ర ఎండలో ఊగుతోంది.

"ఆ బుర్రలోది కంచుకు విరుగుడు" అన్నాడు మహారాజు నడుస్తూనే. "రోజుకోసారి వాడే ఒక చుక్క వేళ్ళకు రాసుకునేవాడు, గరిటె పట్టినందుకు."

మధూలిక తండ్రిని వదల్లేదు. వంతెన మీదున్న కంఠీరవుడి వైపు చూసింది, ఉలూకాక్షుడి నడుమున ఊగుతున్న బుర్ర వైపు వేలు చూపించింది. కంఠీరవుడు కత్తి నోట కరిచి, వంతెన కమ్మీ ఎక్కి, బాకా వీపు మీద పరిగెత్తి, దాని చివర నుంచి గాలిలోకి దూకాడు. కుడిచెయ్యి జారింది. ఎడమచెయ్యి గుడ్లగూబ గోరు ఒకటి దొరకబుచ్చుకుంది. పక్షి కీచుమని పక్కకు వాలి, తేరుకుని, పడమటి కొండల వైపు రెక్కలు కొట్టింది. ఉలూకాక్షుడి మెడ గిర్రున వెనక్కి తిరిగి కిందికి వంగింది. కింద ఎవడో కత్తి కరిచి వేలాడుతూ వాడికి నమస్కారం పెట్టాడు.

చక్రదుర్గం అప్పటికే చిన్న గవ్వంత అయింది. ఉత్తరపు బాట మీద ఆరు కంచు వీపులు మెరుస్తున్నాయి. వాటి వెనక రెండు చిన్న ఆకారాలు. అందులో ఒకటి చేతులు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అరుస్తోంది. గాలి కాస్త తెరిపి ఇవ్వగా ఆ గొంతు కంఠీరవుడి చెవిన పడింది.

"నాయనా, తొందరగా రా. నా కాళ్ళు అలిసిపోవు. నేను అలిసిపోతాను."